పిల్లకో వాటా

జూన్ 3

అన్నయ్యకి,

నీ చెల్లాయి నమస్కారాలు. వదినకి కూడా చెప్పు. ఇద్దరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోను చేద్దామంటే నీకు సగం వినబడదు, వినబడిన సగానికి వేరే జవాబు చెబుతావు. కిందటిసారి నాకు జ్వరమొచ్చిందంటే "ఎవరొచ్చారు?" అని అడిగి, లోపలికి రమ్మనమన్నావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు మంచి మాట. మన వసపిట్టకి, అదే నీ మేనకోడలికి, మీ ఊరి యూనివర్సిటీలో సీటొచ్చింది! కబురు తెలిసిన రోజు మా కుట్టు షెడ్డులో అందరికీ చెప్పాను, చెప్పినవాళ్ళకే మళ్ళీ చెప్పాను. మా సూపర్‌వైజరు "సంతోషం తల్లీ, ముందు కాజాలు కుట్టు" అన్నాడు. ఆ ఆనందంలో స్కూలు చొక్కాలకి ఎడమవైపు కుట్టాల్సిన కాజాలు కుడివైపు కుట్టేశాను. కాజా కోసేశాక విప్పడానికి ఉండదు కదా. చేసేది లేక ఆ మగపిల్లల చొక్కాలన్నీ ఆడపిల్లల కట్టలో కలిపేశాడు. నన్ను మాత్రం పెద్దగా తిట్టలేదు. వాళ్ళ పిల్లలెవరికీ సీటు రాలేదులే, ఆ మర్యాద.

ఇక అసలు సంగతి. హాస్టల్లో దీనికి చోటు దొరకలేదు. బాగా దూరం నుంచి వచ్చేవాళ్ళకే ముందిస్తారట. వాళ్ళ లెక్కలో మనం దగ్గరివాళ్ళం. రోజూ వెళ్ళొచ్చేటంత దగ్గరేం కాదని నువ్వెరుగుదువు. క్లాసులు మొదలయ్యేలోపు పిల్ల ఎక్కడ ఉండబోతోందో చూపించకపోతే సీటు వెనకవాళ్ళకి పోతుందట. అది విన్నప్పటినుంచీ నాకు అన్నం సయించడం లేదు.

పిల్ల చదువు కోసం నాకో వాటా కావాలి అన్నయ్యా. నోరు తెరిచి నిన్నెప్పుడూ ఏదీ అడగలేదు. ఇప్పుడడగడానికీ సిగ్గుగానే ఉంది. పెద్దది అక్కర్లేదు. మనం పుట్టిన ఇంట్లోనే అయితే మరీ మంచిది. పై వాటా అయినా వెనక వాటా అయినా నాకొకటే. నాన్న కట్టిన ఇంట్లోంచి ఆయన మనవరాలు యూనివర్సిటీకి నడిచి వెళ్తే ఎంత బాగుంటుంది! నీకు ఇబ్బందైతే ఆ చుట్టుపక్కలే ఎక్కడైనా తక్కువ అద్దెలో చూడు. అద్దెల సంగతి నీకంటే తెలిసినవాళ్ళెవరు? థీసిస్ బైండింగుకి వచ్చే ప్రతి పిల్లాడూ నీ కొట్లో నిలబడి ఖాళీ గదుల గురించే అడుగుతాడని నువ్వే అన్నావు. నీ ఇంట్లో ఉన్నా సరే, అద్దె నెలనెలా పంపేస్తాను. అందులో మొహమాటం లేదు.

నువ్వు కాకపోతే నాకెవరున్నారు? ఏ సంగతీ త్వరగా తేల్చి రాయి.

నీ చెల్లాయి

---

జూన్ 12

చెల్లాయికి,

ఆశీస్సులు. ఉత్తరం అందింది. మేం క్షేమం.

ఇక్కడ ఊపిరాడని పని. థీసిస్‌లు ఇచ్చే గడువు దగ్గరపడింది. ఏళ్ళ తరబడి రాసినవాళ్ళందరికీ రేపటికల్లా కావాలి. నిన్న ఒకతను అట్ట మీద బంగారు అక్షరాలు కొట్టించుకున్నాక, తన గైడు పేరు తప్పు పడిందని ఏడుపు మొహం పెట్టాడు. తప్పు రాసిచ్చింది తనే. అయినా కొత్త అట్ట వేసిచ్చాను. ఈ సంగతులు నీకెందుకంటే, నేను ఎంత కష్టపడితే ఇల్లు గడుస్తోందో కొందరికి తెలియాలి.

నువ్వడిగిన వాటా సంగతి. ఈ ఇంట్లో వాటాలు లేవు. నాన్న పోయాక పైకప్పు కారుతుంటే బాగుచేయించింది నేను. వెనక గోడ పడిపోతే లేపింది నేను. పై అంతస్తు కట్టింది నేను. అప్పుడెవరూ వచ్చి ఒక ఇటుక అందించలేదు. ఇప్పుడు పిల్ల చదువు పేరు చెప్పి వాటా అడగడం నా మనసుకి చాలా కష్టం కలిగించింది. నీ నుంచి ఈ మాట వస్తుందని నేననుకోలేదు. మధ్యవర్తుల చేత చెప్పించినా నా జవాబు ఇదే.

పిల్ల బాగా చదువుకోవాలనే నా కోరిక. మీ వదిన నిన్ను అడిగానని రాయమంది. ఇంకా ఏదో రాయమంది గానీ పోస్టు వేళ దాటిపోతోంది.

అన్నయ్య

---

జూన్ 19

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి తల కొట్టేసినట్టయింది. నిజమే, అంత కష్టపడి నిలబెట్టుకున్నవాడివి, చెల్లెల్ని కదా అని నేనొచ్చి మీద పడితే నీకు నష్టమే. అది నాకు తోచనేలేదు. నా తెలివి ఎప్పుడూ ఇంతే, చిన్నప్పుడు నువ్వే అనేవాడివి. ఇక నీ ఇంట్లో వాటా మాట ఎత్తను. అడిగినందుకు మనసులో పెట్టుకోకు.

నువ్వేం దిగులుపడక్కర్లేదు, వేరే దారి దొరికింది. మీ వీధి మలుపులో ప్లీడరు గారున్నారే, మా షెడ్డు కోర్టు పనులు చూసేది ఆయనే. మొన్న ఇక్కడికొస్తే మా సూపర్‌వైజరు నా సంగతి ఆయన చెవిన వేశాడు. ఆయన మేడ నిండా చదువుకునే పిల్లలేనటగా. "పిల్లని పంపమనండి, కాగితం మీద సంతకం పెడితే చాలు, వాటా విషయం నేను చూసుకుంటాను" అన్నాడట. ఆయన చెయ్యి వేశాడంటే పని అయినట్టేనని ఇక్కడందరూ అంటున్నారు. ఎవరో ఒక పెద్దవాళ్ళని విచారిస్తాడట. నేను నీ పేరే చెప్పాను.

వచ్చేవారం వసపిట్ట బయల్దేరుతోంది. ముందు నీ దగ్గరికే వస్తుంది. దాన్ని ప్లీడరు గారి దగ్గరికి నువ్వే తీసుకెళ్తే బాగుంటుంది. నువ్వు పక్కన నిలబడితే ఆయన కాస్త మెత్తబడతాడు.

యూనిఫారం గుడ్డలో మిగిలిన నీలం ముక్కలతో దానికి పుస్తకాల సంచి కుట్టాను. "అమ్మా, ఇది వేసుకుంటే నన్ను ఒకటో తరగతిలో కూర్చోబెడతారు" అని గోల చేసింది. పెట్టె సర్దేటప్పుడు చూస్తే సంచి పెట్టె అడుగున పెట్టుకుంది. నాకు చెప్పలేదు, నేనూ చూడనట్టే ఊరుకున్నాను. దాని వాగుడు నీకు తెలిసిందే. కొట్లో కూర్చోబెట్టకు, నీ పని సాగనివ్వదు.

వదినకి నమస్కారాలు.

నీ చెల్లాయి

---

జూలై 10

అన్నయ్యకీ వదినకీ,

ఏమని మొదలుపెట్టాలో తెలియడం లేదు. నిన్న పిల్ల ఉత్తరం వచ్చింది. మీ ఇంట్లోనే ఉంటోందట కదా! నాకు అంత గట్టిగా లేదని రాసి, అది గుమ్మంలోకి రాగానే కరిగిపోయి పై గది ఇచ్చేశావా? నువ్వు చిన్నప్పుడూ అంతే. ముందు లేదని అరిచి, తర్వాత నీ చేతిలోది తెచ్చి నా చేతిలో పెట్టేవాడివి.

ఎంత వివరంగా రాసిందో. పొద్దున కొట్టుకి వెళ్తూ దాన్ని గేటు దాకా దింపుతున్నావట. దాని పుస్తకాలన్నిటికీ గట్టి అట్టలు వేసిచ్చావట. వదిన కిటికీ దగ్గర బల్ల వేయించిందట. తల సరిగ్గా దువ్వుకోకపోతే గుమ్మంలో ఆపేస్తోందట. అది చదివి నవ్వుకున్నాను, నా మాట ఏనాడైనా విందా? నేను దాని చేతికిచ్చి పంపిన అద్దె మాత్రం తీసుకున్నావని రాసింది. ఆ ఒక్కటీ మంచిపని చేశావు. నాకు మొహం చెల్లుతుంది.

ప్లీడరు గారి వాటా కుదరలేదని ఒక ముక్క రాసింది, ఎందుకో రాయలేదు. పోనీలే, అదీ మంచికే అయింది.

నువ్వు జవాబు రాయకపోయేసరికి నామీద కోపమొచ్చిందనీ, పిల్లని ఎలా చూస్తున్నావో అనీ నానా రకాలుగా అనుకున్నాను. నా తోడబుట్టినవాడి గురించి అలా అనుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. క్షమించు. షెడ్డులో నీ గురించి చెబితే మిషన్లు ఆపి మరీ విన్నారు. మా పక్క మిషను ఆవిడకి నలుగురు అన్నదమ్ములు. "నలుగురూ కలిసి నీ ఒక్కడికి సరిపోరమ్మా" అంది.

నీ చెల్లాయి

---

జూలై 17

చెల్లాయికి,

ఆశీస్సులు. ఉత్తరం అందింది. పిల్ల బాగానే ఉంది. చదువుకుంటోంది. మీ వదిన కనిపెట్టి చూస్తోంది. ఇందులో నన్ను పొగడాల్సింది ఏమీ లేదు, ఇక పొగడకు. షెడ్డులో కూడా చెప్పకు.

రెండు విషయాలు కనుక్కుని వెంటనే రాయి. పిల్లది ఏ డిపార్టుమెంటో పూర్తి పేరు కావాలి. రోజూ చెబుతుంది గానీ నా చెవులకి సరిగ్గా పట్టదు. రెండోది, నీకు రాసిన కవరు మీద ఏ పోస్టాఫీసు ముద్ర ఉందో చూడు. ఈ మధ్య ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయి, ఫిర్యాదు చేద్దామని.

ఆరోగ్యం చూసుకో. తప్పకుండా వెంటనే రాయి.

అన్నయ్య

---

జూలై 26

అన్నయ్యకి,

నీకు పోస్టాఫీసు మీద పోరాటం ఎప్పటినుంచి? ముద్ర చూశాను. యూనివర్సిటీ వెనక గేటు పోస్టాఫీసుది. మన ఇల్లు ముందు గేటు వైపు కదా, పిల్ల అంత దూరం నడిచి వెళ్ళి ఎందుకు వేసిందో నువ్వే అడుగు. నా ఉత్తరాలు కూడా మీ ఇంటికి వద్దు, డిపార్టుమెంటుకి రాయమంది. త్వరగా అందుతాయట. డిపార్టుమెంటు పేరు విడిగా చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను, చూసుకో. ఇంట్లో పిల్ల చదివే చదువు పేరు తెలియని మామయ్యవి నువ్వొక్కడివే.

ఒక సంగతి మనసులో మెదుల్తోంది. కొత్తగా వచ్చిన ఉత్తరంలో దగ్గు తగ్గడం లేదని రాసింది. పక్కనే "ఆవిరి పడటం లేదు" అని రాసి కొట్టేసింది. మీ ఇంట్లో ఆవిరెక్కడిది? అడిగితే ఏమీ లేదంటుంది. దాని ఉత్తరాలు కూడా చిన్నవైపోతున్నాయి. పేజీలు పేజీలు రాసే పిల్ల.

అందుకే వస్తున్నాను. ఆగస్టులో షెడ్డుకి నాలుగు రోజులు సెలవు. దాని గది చూడాలి, ఆ కిటికీ చూడాలి, ఆ బల్ల మీద చెయ్యేసి చూడాలి. వదినకోసం ముక్కలు కలిపి ఒక దుప్పటి కుట్టాను. స్కూలు యూనిఫారంలా ఉందని నవ్వకూడదని ముందే చెప్పు.

నీ చెల్లాయి

---

ఆగస్టు 3

చెల్లాయీ,

నువ్వు బయల్దేరేలోపు ఇది నీ చేతికి అందాలి. ఎప్పుడూ రాసినట్టు ఆశీస్సులు రాయబోయాను, ఇవాళ చెయ్యి రాలేదు.

పిల్ల మా ఇంట్లో లేదు. ఒక్కరోజు కూడా లేదు. బాగానే ఉందని నీకు రాసినప్పుడు అదెక్కడుందో కూడా నాకు తెలియదు. ముద్ర సంగతి అడిగింది అందుకే. నువ్వు నవ్వుతూ జవాబు రాశావు, అది చదవడానికి రెండుసార్లు కుర్చీలోంచి లేచాను.

నీ మొదటి ఉత్తరంలో వాటా కావాలన్న మాట చదవగానే నాకిక ఏమీ కనబడలేదు. నాన్న ఇంట్లో నీ భాగం అడుగుతున్నావనుకున్నాను. మీ వదినా చదివింది. "అద్దెకి అడుగుతున్నట్టుందండీ, సరిగ్గా చూడండి" అంది. "నీకు తెలీదు, ఊరుకో" అన్నాను. ఊరుకుంది. ఆ కాగితంలో అద్దె అన్న మాట ఎక్కడెక్కడుందో మొన్న తను వేలు పెట్టి చూపిస్తుంటే నేను నేల చూపులు చూశాను. అవన్నీ అప్పుడు నా కళ్ళముందే ఉన్నాయి. నా ఇల్లు పోతుందన్న భయంతో ఒక్కటీ చదవలేదు.

తర్వాత ప్లీడరు అని రాశావు, సంతకం అని రాశావు. నువ్వు కోర్టుకెక్కుతున్నావనే అనుకున్నాను. పైగా నేనే పక్కన నిలబడాలని రాస్తే, నన్ను ఆట పట్టిస్తున్నావని ఒళ్ళు మండిపోయింది. ఆయన మేడలో అద్దెకి పిల్లలుంటారని నాకు తెలియదా? గదులడిగే పిల్లల్ని ఆయన దగ్గరికి పంపేది నేనే, అయినా ఆ రోజు అది తోచలేదు.

పిల్ల పెట్టె మోసుకుంటూ వచ్చింది. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"మీ అమ్మ వాటా కోసం పంపిందా?" అన్నాను.

"అవును మామయ్యా, ప్లీడరు గారు సంతకం పెట్టమన్నారట. మీరూ రండి, కలిసి వెళ్దాం" అంది, నవ్వుతూ.

నువ్వే నేర్పి పంపావనుకున్నాను. లోపలికి రమ్మనలేదు. మంచినీళ్ళు తాగుతావా అని అడగలేదు. మీ వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చేలోపు, "ఆ ప్లీడరు దగ్గరికే పో" అని తలుపేశాను.

మర్నాడు ప్లీడరు గారి గుమాస్తా కొట్టుకి వచ్చాడు. "మీ మేనకోడలట, వాటా విషయం మాట్లాడుతోంది. మీరు మాట చెబితే కాగితాలు రాసేస్తాం" అన్నాడు. కొట్టు నిండా జనం. నేను ఒక అట్టకి జిగురు రాస్తున్నాను. తలెత్తకుండానే "నాకు మేనకోడలు లేదు" అన్నాను. అదీ చెల్లాయీ నేను చేసిన పని. గుమాస్తా వెనకాలే, మెట్ల కింద, పిల్ల నిలబడి ఉందని నాకప్పుడు తెలియదు. తెలిసినా ఆ రోజు అదే అనేవాణ్ణేమోనని ఇప్పుడు నామీద నాకే అసహ్యం వేస్తోంది.

పూచీ చెప్పే దిక్కు లేని పిల్లకి ఇవ్వనని ఆయన ఆ వాటా ఇంకొకరికి ఇచ్చేశారు. గాలీ వెలుతురూ ఉన్న వాటా, అద్దె కూడా నువ్వు మోయగలిగినంతే. నా నోటితో నేనే పోగొట్టాను.

నువ్వు మమ్మల్ని పొగుడుతూ రాసిన ఉత్తరం ముందు మీ వదిన చదివింది. చదివి నా చేతికిచ్చి, లోపలికి వెళ్ళిపోయింది. తను బల్ల వేయించిందట. నేను గేటు దాకా దింపానట. మా పై గదికి కిటికీ ఏ వైపుందో కూడా ఆ పిల్ల ఎరగదు. ఒక్కొక్క మాటకీ నాకు చచ్చినంత పనైంది. అయినా సరే నిజం రాసే ధైర్యం లేక, బాగానే ఉందని నీకు అబద్ధం రాశాను.

అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ కొట్లో కూర్చుని "అక్కడ ఖాళీ ఉంది, ఇక్కడ చవగ్గా ఇస్తారు" అని పిల్లలకి దారి చూపించేవాణ్ణి. ఏనాడూ మెట్లెక్కి చూడలేదు. వరండాకి రేకు కొట్టి గది అంటున్నారు. మెట్ల కింద మంచం ఇరికించి అదీ గదే అంటున్నారు. మంచం మీద కూర్చుంటే తల తగులుతుంది. ఒక ఇంటావిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "వయసు మళ్ళినవాళ్ళకి ఇవ్వం" అని మొహం మీదే తలుపేసింది.

నీ ఉత్తరంలో ముద్ర సంగతీ ఆవిరి సంగతీ చదివాక వెనక గేటు వైపు వెళ్ళాను. అక్కడొక లాండ్రీ ఉంది. కింద బాయిలరు, పైన బట్టలు ఆరేసుకునే గది. దాన్నే ఆడపిల్లలకి అద్దెకిస్తున్నారు. చెక్క నేల సందుల్లోంచి ఆవిరి పైకొస్తుంది. గోడల మీద చెయ్యి పెడితే తడి. పిల్ల అక్కడే ఉంది. అలవాటు కొద్దీ ముందు దాని పుస్తకాలు చూశాను. అన్నీ చెమ్మకి ఉబ్బి, కుట్లు ఊడిపోయి ఉన్నాయి. తర్వాత పిల్ల మొహం చూశాను. చిక్కిపోయింది. దగ్గుతోంది. నన్ను చూడగానే లేచి నిలబడి, ఉన్న ఒక్క కుర్చీ నాకేసింది.

"వాటా అంటే అద్దె వాటా అని ఒక్క మాట చెబితే సరిపోయేది కదమ్మా" అన్నాను.

"గుమాస్తాతో మీరన్నది విన్నప్పుడే, మీరు ఇంట్లో భాగం అనుకున్నారని నాకు అర్థమైంది మామయ్యా. చెబుదామని మర్నాడు కొట్టు దాకా వచ్చాను. చెబితే మీరు నా ముందు తలెత్తుకోలేరు. అందుకని వెనక్కొచ్చేశాను" అంది.

"మరి అమ్మకి అలా ఎందుకు రాశావు?"

"అమ్మకి మీరు కాకపోతే ఎవరున్నారు?"

వెనక గేటు నుంచే ఎందుకు తిరుగుతున్నావంటే, ముందు గేటు దగ్గర మీ కొట్టు ఉంది కదా అంది. నేను ఇబ్బంది పడతానని రోజూ చుట్టూ తిరిగి పోతోంది.

ఇంటికి రమ్మన్నాను. మీ వదిన వెళ్ళి బతిమాలింది. వదినతో ప్రేమగానే మాట్లాడింది, రానని మాత్రం చెప్పేసింది. "మీకు సిగ్గేసి పిలుస్తున్నారు మామయ్యా. అది తగ్గాక నేను బరువవుతాను" అంది. డాక్టరుకి చూపించి మందులిప్పించాను, అంతవరకు ఒప్పుకుంది. ప్లీడరు గారి ఆఫీసుకి వెళ్ళి, గుమాస్తా ముందు, అక్కడున్న క్లయింట్ల ముందు, "ఆ పిల్ల నా మేనకోడలు, ఆ రోజు నేను అబద్ధమాడాను" అని చెప్పాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇప్పుడు ఖాళీ లేదండీ" అన్నాడు.

మా వెనక వాటాలో ఏముందో తెలుసా? బైండింగుకిచ్చి ఎవరూ తీసుకెళ్ళని థీసిస్‌లు. ఎవరివో ఏమో, వాటికి చోటిచ్చాను.

నీ మనసులో అలాంటి ఆలోచనే లేదు. అడగని దానికి నిన్ను అనరాని మాటలన్నాను, నీ బిడ్డని కాదన్నాను. ఇంట్లో సగం నీ పేర రాసేస్తాను, కాగితాలు ఈ వారమే రాయిస్తాను. నువ్వు నన్నేమన్నా పడతాను. వచ్చి పిల్లని మాత్రం ఒప్పించు.

అన్నయ్య

---

ఆగస్టు 9

అన్నయ్యా,

నీ ఉత్తరం షెడ్డులో, మిషను ముందే చదివాను. "నాకు మేనకోడలు లేదు" అన్న చోట కాగితం కింద పెట్టేశాను. సూపర్‌వైజరు వచ్చి నా మొహం చూసి, నా ముందున్న చొక్కాల కట్ట తీసి పక్క మిషను మీద పెట్టాడు. నాకు కోపం రాలేదని రాస్తే అబద్ధం. చాలా వచ్చింది. నువ్వు ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. పిల్ల ఆ మెట్ల కింద నిలబడి ఆ మాట విన్నది. మర్చిపోతానని మాటివ్వలేను.

కానీ నువ్వొక్కడివే సిగ్గుతో కుమిలిపోతుంటే చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. నీ మనసులో అలాంటి ఆలోచనే లేదు అని రాశావే, అది నిజం కాదు.

మొదట ఆ ఉత్తరంలో "పిల్లకో గది కావాలి" అని రాశాను. రాసి, చదువుకుని, ఆ కాగితం పక్కన పడేసి, కొత్త కాగితం మీద వాటా అని రాశాను. అద్దెకే అడిగాను, అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట రాస్తున్నప్పుడు నాకు రెండోది కూడా తెలుసు. నువ్వు అలా చదువుకుని, "నిజమే చెల్లాయీ, నీకూ ఈ ఇంట్లో ఉంది కదా" అని నీ అంతట నువ్వే అంటావేమోనని ఆశపడ్డాను. ఇన్నేళ్ళూ అదే ఆశ. ఎదురుగా అడిగే ధైర్యం లేక ఒక మాట చాటున దాక్కున్నాను.

నీ జవాబులో పైకప్పు సంగతీ గోడ సంగతీ చదివినప్పుడు నాకు అనుమానం వచ్చింది. ఏ వాటా అనుకున్నావు అన్నయ్యా అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాస్తే నా ఆశ బయటపడుతుందని, అర్థం కానట్టు నటించి, అద్దె సంగతే అనుకున్నట్టు జవాబు రాసి, ఆ నటనలోకి పిల్లని పెట్టెతో సహా పంపాను. ఆ లాండ్రీ మీద అది దగ్గుతూ కూర్చోవడానికి నీ నోరెంత కారణమో నా నోరు మూసుకోవడమూ అంతే. ఈ సిగ్గులో నాకూ వాటా ఉంది, మొత్తం నువ్వే ఉంచేసుకోకు.

ఇల్లు సగం ఈ వారమే రాసేస్తానన్నావు. సిగ్గుతో రాసే కాగితం నాకొద్దు. సిగ్గు కాస్త చల్లారాక, వదినతో కూర్చుని మాట్లాడి, న్యాయంగా ఎంతనిపిస్తే అంత రాయి. నువ్వు కట్టిన పై అంతస్తు నీదే, దాని జోలికి రాను. నాన్న కట్టిన దాంట్లో మాత్రం నాకు భాగం కావాలి. ఈసారి ఏ మాట చాటునా దాక్కోలేదు, చూసుకో.

నేను రావడానికి ఎలాగూ వారం పడుతుంది. ఈలోగా వెనక వాటాలోంచి ఆ థీసిస్‌లు తీయించు. గోడలకి సున్నం వేయించి, తలుపులు తెరిచి బాగా ఆరనివ్వు, చెమ్మ వాసన పోవాలి. బల్ల ఒకటి నిజంగానే వేయించు.

తర్వాత వదినని తీసుకుని పిల్ల దగ్గరికి మళ్ళీ వెళ్ళు. మామయ్య ఇంటికి రానని అది సరిగ్గానే అంది, నేనైనా అదే అనేదాన్ని. బతిమాలకు, ఏడవకు. మామయ్య ఇంటికి రానక్కర్లేదని చెప్పు. వాళ్ళమ్మ వాటా ఖాళీగా ఉంది, వచ్చి దిగమని చెప్పు.

నీ చెల్లాయి